పల్సర్ 150కి కొత్త బ్యాటరీ: పాతది ఎందుకు పోయిందో తేలాకే కొనుగోలు

శనివారం సాయంత్రం

సెల్ఫ్ బటన్ నొక్కితే రిలే (మోటారుకు కరెంటు కలిపే స్విచ్చు) టకటకమంటోంది తప్ప ఇంజన్ తిరగడం లేదు. హారన్ గొంతు తగ్గిపోయింది. ఇండికేటర్ వేస్తే వెలిగి అలాగే ఉండిపోతోంది. కిక్ కొడితే మాత్రం బండి వెంటనే అందుకుంటోంది. ఇది కార్బ్యురేటర్ ఉన్న పాత పల్సర్ 150 కాబట్టి ఆ సదుపాయమైనా మిగిలింది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్ 6 కాలుష్య ప్రమాణాల బళ్లలో చాలావాటికి కిక్ రాడ్డే లేదు. ఇంజన్‌కు పెట్రోలు అందించే పంపు, ఇంజెక్టరు అన్నీ కరెంటు మీదే నడుస్తాయి. అలాంటి బండికి బ్యాటరీ దిగిపోతే రోడ్డు పక్కన నిలబడాల్సిందే.

"బ్యాటరీ అయిపోయింది, మార్చేయండి" అని చూసిన వాళ్లందరూ అంటున్నారు. మార్చాల్సే రావచ్చు. అయితే ఈ బ్యాటరీకి ఇంకా రెండేళ్లు నిండలేదు. సరిగ్గా చూసుకుంటే అంతకంటే చాలా ఎక్కువ కాలం రావాలి. ఇంత తొందరగా పోయిందంటే దాన్ని పాడుచేసిన కారణం ఇంకా బండిలోనే ఉండి ఉంటుంది. అది తెలుసుకోకుండా కొత్తది బిగిస్తే డబ్బు పోవడమే కాదు, అదే పని మళ్లీ చేయాల్సి వస్తుంది. అందుకే కొట్టుకు వెళ్లే ముందు మల్టీమీటర్ తీశాను.

సైడ్ ప్యానెల్ ఊడదీసి బ్యాటరీ బయటకు తెచ్చాను. మైనస్ వైరు ముందు విప్పాలి, ప్లస్ వైరు తర్వాత. బిగించేటప్పుడు దీనికి తలకిందులు. బండి ఫ్రేమంతా మైనస్‌తో కలిసి ఉంటుంది. మైనస్ వైరు ఉండగానే ప్లస్ బోల్టు మీద స్పానర్ పెడితే, దాని రెండో కొస ఫ్రేముకు తగిలిన క్షణంలో షార్ట్ అయి స్పానర్ ఎర్రగా కాలుతుంది. మెకానిక్కు కూడా తప్పకుండా గుర్తు చేయాల్సిన జాగ్రత్త ఇది.

ఇది ఆసిడ్ పోసే పాతరకం బ్యాటరీ. తెల్లటి డబ్బాలోంచి లోపలి మట్టం కనిపిస్తుంది. ఆరు గదుల్లో ఐదింట్లో మట్టం కింది గీతకు కాస్త అటూ ఇటూ ఉంది. ప్లస్ వైపు నుంచి రెండో గదిలో మాత్రం ప్లేట్ల పైభాగం ఆరిపోయి తెల్లటి పొడి పట్టింది. ఆ తెలుపు లెడ్ సల్ఫేట్. బ్యాటరీ కరెంటు ఇచ్చిన ప్రతిసారీ ప్లేట్ల మీద అది ఏర్పడుతుంది, ఛార్జింగ్‌లో తిరిగి కరుగుతుంది. చాలాకాలం సగం ఛార్జితో వదిలేస్తే మాత్రం గట్టి స్ఫటికాలుగా పేరుకుపోయి ఇక కరగదు.

అన్ని గదుల్లోనూ డిస్టిల్డ్ వాటర్ పోసి, 0.9 ఆంపియర్ల కరెంటుతో రాత్రంతా ఛార్జింగ్ పెట్టాను. పోయిన బ్యాటరీ అయినా ఒకసారి పూర్తిగా ఛార్జి చేశాకే తీర్పు చెప్పాలి. ఖాళీగా ఉన్న మంచి బ్యాటరీ, చెడిపోయిన బ్యాటరీ పైకి ఒకేలా ప్రవర్తిస్తాయి.

ఆదివారం

ఛార్జింగ్ తీసి, మధ్యాహ్నం దాకా కదపకుండా ఉంచి చూస్తే 12.38 వోల్టులు. ఏ కొట్టులో చూపించినా "సగానికి పైగా ఛార్జి ఉంది, బాగానే ఉంది" అనేస్తారు. బైక్ బ్యాటరీలకు సరిపోయే చిన్న హైడ్రోమీటర్‌తో గదిగదికీ గ్రావిటీ (నీటితో పోలిస్తే ఆసిడ్ ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె, ఛార్జి తగ్గితే ఇదీ తగ్గుతుంది) చూస్తే అసలు సంగతి బయటపడింది. ఐదు గదుల్లో 1.240 దగ్గర ఉంటే, ఆ రెండో గదిలో 1.130.

ఇక్కడ ఒక సులువైన లెక్క ఉంది. గ్రావిటీకి 0.84 కలిపితే ఆ గది వోల్టేజీ ఇంచుమించుగా వస్తుంది. ఐదు మంచి గదులకు తలా 2.08 చొప్పున 10.40. చెడిన గదికి 1.97. మొత్తం 12.37. మీటరు చూపించింది కూడా దాదాపు అంతే. ఒక గది ఇంతగా బలహీనపడినా మొత్తంలో తేడా వోల్టులో పదో వంతు చిల్లరే కాబట్టి వోల్టేజీ చూసి దాన్ని పట్టుకోలేము. ఆ లోటు లోడ్ పడితేనే తెలుస్తుంది. బ్యాటరీని తిరిగి బండికి తగిలించి, మీటరు టెర్మినళ్ల మీద ఉంచి సెల్ఫ్ నొక్కితే 12.38 కాస్తా 7.9కి జారింది. మంచి బ్యాటరీ అయితే ఆ సమయంలో 9.6 కంటే కిందికి దిగకూడదు. తీర్పు అయిపోయింది. మార్చాలి.

ఇప్పుడు కారణం వెతకాలి. బ్యాటరీని చంపేవి ప్రధానంగా మూడు: అతిగా ఛార్జి కావడం, తక్కువగా ఛార్జి కావడం, బండి ఆగి ఉన్నప్పుడు కరెంటు కారిపోవడం. మొదటి రెండూ చూడటానికి ఇంజన్ నడుపుతూ బ్యాటరీ మీద వోల్టేజీ చూశాను. నిదానంగా నడుస్తుంటే 13.3. యాక్సిలరేటర్ తిప్పి 4000 ఆర్‌పీఎం దగ్గర ఉంచితే 14.5. అక్కడి నుంచి ఎంత పెంచినా పైకి పోలేదు. 13.8కి, 14.8కి మధ్య నిలిస్తే ఆర్ఆర్ యూనిట్ (ఇంజన్ నుంచి వచ్చే కరెంటును బ్యాటరీకి తగినట్టు అదుపు చేసే రెగ్యులేటర్ రెక్టిఫైయర్) ఆరోగ్యంగా ఉన్నట్టే. 15 దాటితే అది పాడైందని, బ్యాటరీని ఉడకబెడుతోందని అర్థం. మన బండిలో ఆ చిక్కు లేదు.

మూడోది చూడటానికి తాళం చెవి తీసేసి, మైనస్ వైరు విప్పి, ఆ వైరుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య మల్టీమీటర్‌ను కరెంటు కొలిచే అమరికలో పెట్టాను. ముందు 10 ఆంపియర్ల రేంజిలో చూసి, కరెంటు తక్కువేనని తెలిశాకే మిల్లీ ఆంపియర్లకు మారాలి. మీటరు అలా ఉండగా తాళం తిప్పకూడదు, సెల్ఫ్ అసలే నొక్కకూడదు. మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది.

22 మిల్లీ ఆంపియర్లు కనిపించాయి. అదనపు సామాను ఏదీ లేకపోతే ఇలాంటి బండిలో తాళం తీశాక ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లు కూడా ఉండకూడదు. హ్యాండిల్ దగ్గర బిగించి ఉన్న మొబైల్ ఛార్జర్ ప్లగ్గు లాగగానే మీటరు 0.4కి పడింది. బండి నా చేతికి వచ్చేనాటికే ఆ ఛార్జర్ ఉంది. దాని ముఖం మీద వోల్టేజీ చూపే చిన్న ఎర్ర అంకెలు ఉన్నాయి. పగటి వెలుతురులో అవి కనిపించవు కానీ రాత్రింబవళ్లు వెలుగుతూనే ఉన్నాయి. బిగించినవారు దాని వైరును తాళంతో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపారు.

22 మిల్లీ ఆంపియర్లంటే చాలా చిన్న అంకె అనిపిస్తుంది. అయితే రోజుకు 24 గంటలు పోతుంటే 0.53 ఆంపియర్ అవర్ (ఒక ఆంపియర్ చొప్పున గంటసేపు పోతే ఒక ఆంపియర్ అవర్). వారం పాటు బండి కదలకపోతే 3.7. మన బ్యాటరీ మొత్తం సామర్థ్యమే 9. అంటే వారానికి నలభై శాతం ఏ పనీ జరగకుండానే కారిపోయింది. ఊరికి వెళ్లినప్పుడల్లా ఇదే జరిగి ఉంటుంది. తిరిగొచ్చి నాలుగు కిలోమీటర్లు తిరిగితే ఆ లోటు పూడదు. అలా సగం ఛార్జితోనే నెలలు గడిచాయి, సల్ఫేట్ గట్టిపడింది. దానికి గోదావరిఖని ఎండ తోడైంది. వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు ఇంచుమించు సగమవుతుందని ఈ పనిలో ఉన్నవాళ్లు లెక్క వేస్తారు. మే నెలలో నీడ లేని పార్కింగ్‌లో రోజంతా నిలిచే బండి సీటు కింద ఎంత వేడి ఉంటుందో ఈ ప్రాంతం వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

సోమవారం, వైరింగ్

కొత్త బ్యాటరీ కంటే ముందు ఈ పని పూర్తి చేశాను. ఛార్జర్‌కు చిన్న రిలే పెట్టాను. తాళం ఆన్ చేస్తేనే కరెంటు వచ్చే టెయిల్ ల్యాంప్ వైరు ఆ రిలేను పనిచేయిస్తుంది. అసలు కరెంటు బ్యాటరీ నుంచి 5 ఆంపియర్ల ఫ్యూజు మీదుగా వస్తుంది. ఫ్యూజు బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఉండాలి. మధ్యలో వైరు ఒరుసుకుపోయి ఫ్రేముకు తగిలినా అప్పుడే కాపాడుతుంది. తాళం తీస్తే ఎర్ర అంకెలు ఆరిపోతున్నాయి. ఇక కొట్టుకు వెళ్లవచ్చు.

మంగళవారం, ఎంపిక

కొట్టు యజమాని ఓపికగా మాట్లాడే మనిషి. బండి పేరు చెప్పగానే రెండు పెట్టెలు ముందు పెట్టారు. ఒకటి 9 ఆంపియర్ అవర్ల సీల్డ్ బ్యాటరీ, నీళ్లు పోసే పని లేనిది. రెండోది కాస్త చవకలో వచ్చే 5 ఆంపియర్ అవర్లది. "సార్, రెండూ పన్నెండు వోల్టులే, రెండూ మీ బండికి పనిచేస్తాయి" అన్నారు.

వోల్టులు సమానమే. కానీ సెల్ఫ్ మోటారు తిరగడం మొదలుపెట్టే క్షణంలో పదుల ఆంపియర్లు లాగుతుంది. ప్లేట్ల విస్తీర్ణం తక్కువున్న బ్యాటరీలో వోల్టేజీ అప్పుడు ఎక్కువ పడుతుంది. ప్రతి స్టార్టుకూ చిన్న బ్యాటరీ లోతుగా ఖాళీ అవుతుంది, తొందరగా అలిసిపోతుంది. ఈ బండి హెడ్‌లైట్ 35 వాట్లు. అంటే అదొక్కటే దాదాపు 3 ఆంపియర్లు తీసుకుంటుంది. కంపెనీ 9 అని రాసిందంటే 9 పెట్టాలి. పెద్దది పెడితే మేలు కదా అనుకునేవాళ్లకు కూడా ఒక మాట. బ్యాటరీ పెట్టె కొలత 135 మిల్లీమీటర్ల పొడవు, 75 వెడల్పు, 139 ఎత్తు ఉన్నదానికి సరిపోయేలా చేసింది. అంతకు మించినది కూర్చోదు. కూర్చోనిదాన్ని తాళ్లతో కట్టడం అదురుకు ప్లేట్లు రాలిపోయే మార్గం.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ గురించి కూడా ఆలోచించాను. చాలా తేలిక, నిలవ ఉన్నా ఛార్జి త్వరగా పోదు. నిండితే 13.3 వోల్టుల దగ్గర నిలుస్తుంది. కానీ ఖరీదు బాగా ఎక్కువ, దాని ఛార్జర్ వేరు, పాత బండి ఆర్ఆర్ యూనిట్ ఎప్పుడైనా అదుపు తప్పి వోల్టేజీ పెంచితే తట్టుకోలేదు. ఈ బండికి వద్దు.

మిగిలింది సీల్డ్‌దా, ఆసిడ్ పోసేదా అన్న ప్రశ్న. ఈ రోజుల్లో అందరూ సీల్డ్‌వే తీసుకుంటున్నారు. తిరుపతి దగ్గర కరకంబాడిలో తయారయ్యే అమరాన్ అయినా, ఎక్సైడ్ అయినా, కొట్టు అరల నిండా అవే. సైడ్ ప్యానెల్ ఎప్పుడూ తీయనివాళ్లు, నెలకోసారి నీళ్ల మట్టం చూడలేనివాళ్లు తప్పకుండా అదే తీసుకోవాలి. అయితే కొనేముందు కొట్టులోనే మీటరు పెట్టించి వోల్టేజీ చూడాలి. ఆసిడ్ నింపి సీలు చేసిన బ్యాటరీ అరలో ఉన్నా నెమ్మదిగా దిగుతూనే ఉంటుంది, ఎండాకాలంలో ఇంకా త్వరగా. 12.4 కంటే తక్కువ చూపిస్తే వద్దనాలి. తయారైన నెల అడిగి తెలుసుకోవాలి.

నేను మాత్రం ఆసిడ్ పోసే డ్రై ఛార్జ్‌డ్ బ్యాటరీ అడిగాను. ఈ వేడికి లోపలి నీరు తగ్గడం ఖాయం. సీల్డ్‌లో తగ్గిన నీటిని తిరిగి పోయలేము. ఇందులో పోయవచ్చు. గదిగదికీ హైడ్రోమీటర్ ముంచి దాని ఆరోగ్యం చూడవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, దాని మొదటి ఛార్జింగ్ నా చేతుల మీదుగా జరుగుతుంది. యజమాని లోపలి గదిలోంచి సీలు తీయని పెట్టె, దానికి కొలిచి పోసిన ఆసిడ్ డబ్బా తెచ్చారు. "ఇప్పుడే ఆసిడ్ పోసి బిగించి ఇస్తాను, పది నిమిషాల పని" అన్నారు. వద్దన్నాను. విడిగానే ఇమ్మన్నాను.

ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి. డ్రై ఛార్జ్‌డ్ ప్లేట్లు ఫ్యాక్టరీలోనే ఛార్జి అయి, ఆరబెట్టి, గాలి చొరకుండా మూసి వస్తాయి. ఆసిడ్ పోయగానే మీటరు 12 వోల్టులు దాటి చూపిస్తుంది. సెల్ఫ్ కూడా కొడుతుంది. అందుకే చాలా కొట్లలో అక్కడితో సరిపెడతారు. కానీ అప్పటికి ఆ బ్యాటరీ పూర్తిగా నిండలేదు. ప్లేట్ల లోపలి పొరల దాకా ఆసిడ్ ఇంకకముందే, ఆ పొరలు ఛార్జి కాకముందే బండికి బిగిస్తే ఆ లోటు ఎప్పటికీ పూర్తిగా తీరదు. బండి 14.5 వోల్టుల దగ్గర ఆపేస్తుంది కాబట్టి చివరి భాగం నింపలేదు. మొదటిరోజు కొన్ని గంటలు మిగుల్చుకుని ఏళ్ల ఆయుష్షు పోగొట్టుకోవడం నాకు సరైన బేరంగా కనిపించదు.

అదే రోజు రాత్రి, మొదటి ఛార్జింగ్

ఛార్జింగ్‌లో లోపలి ఆసిడ్ వేడి 45 డిగ్రీలు దాటకూడదు. పగలు గది బయటే అంత వేడి. అందుకే రాత్రి పెట్టుకున్నాను. డాబా మీది గది, కిటికీలు రెండూ తీసి. ఛార్జింగ్ చివరలో హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులు వస్తాయి. గాలిలో హైడ్రోజన్ నాలుగు శాతం చేరితే చాలు, చిన్న నిప్పురవ్వకు పేలుతుంది. అగరుబత్తి, దోమల చుట్ట, సిగరెట్టు ఆ గదిలో ఉండకూడదు. కళ్లద్దాలు, రబ్బరు చేతితొడుగులు వేసుకున్నాను. పక్కన బకెట్ నీళ్లు, వంట సోడా. ఆసిడ్ ఎక్కడైనా చిందితే సోడా చల్లితే విరిగిపోతుంది. ఒంటి మీద పడితే మాత్రం ముందు ధారాళంగా నీళ్లతో కడగాలి.

బ్యాటరీ పక్కన ఉన్న గాలి గొట్టానికి మూసిన ఎర్ర రబ్బరు మూత ఉంటుంది. అది తప్పకుండా పీకేయాలి. మరిచి ఛార్జింగ్ పెడితే వాయువుకు దారి లేక డబ్బా పగులుతుంది. ఆరు మూతలు తీసి, గరాటుతో ఒక్కో గదిలో పై గీత దాకా ఆసిడ్ పోశాను. బుడగలు వచ్చాయి, డబ్బా వెచ్చబడింది. అరగంటకు పైగా కదపకుండా ఉంచితే మట్టం దిగింది. ప్లేట్లు, వాటి మధ్య పలకలు పీల్చుకున్నాయి. మళ్లీ ఆసిడ్‌తోనే పై గీత దాకా నింపాను. ఆసిడ్ పోయడం ఇక ఇదే ఆఖరు. ఇకపై మట్టం తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. ఎందుకంటే ఆవిరయ్యేది నీరే, ఆసిడ్ లోపలే ఉంటుంది. తగ్గినప్పుడల్లా ఆసిడ్ పోస్తూ పోతే గాఢత పెరిగి ప్లేట్లను తినేస్తుంది. కుళాయి నీళ్లు, ఫిల్టరు నీళ్లు కూడా పనికిరావు. వాటిలోని లవణాలు ప్లేట్లను పాడుచేస్తాయి.

నింపాక 12.35 వోల్టులు, గ్రావిటీ 1.235. వోల్టేజీ, కరెంటు విడివిడిగా అమర్చుకోగల డీసీ పవర్ సప్లైతో 0.9 ఆంపియర్లు పెట్టాను. సామర్థ్యంలో పదో వంతు. కారు బ్యాటరీలకు వాడే 5 ఆంపియర్ల ఛార్జర్ దీనికి తగిలించడమంటే పసిబిడ్డకు పెద్దవాళ్ల ముద్ద పెట్టడమే. ప్లేట్లు వేడెక్కి వంగిపోతాయి. వోల్టేజీ హద్దు 15.5 దగ్గర ఉంచాను. తొమ్మిది గంటలకు స్విచ్ వేశాను.

పదింటికి 13.1. పన్నెండింటికి 13.9, వేడి 37 డిగ్రీలు. ఒంటిగంటన్నర తర్వాత వోల్టేజీ జోరుగా ఎక్కింది, ఆరు గదుల్లోనూ సన్నటి బుడగలు మొదలయ్యాయి. మంచి సంకేతం అదే, ఆరు గదులూ ఒకేసారి మరగడం. ఒకటి వెనకబడితే ఆ గది బలహీనమని అర్థం. రెండున్నరకు 15.0, మూడున్నరకు 15.1, నాలుగున్నరకు 15.1. మూడుసార్లూ గ్రావిటీ 1.265. గంటకోసారి చూసిన మూడు కొలతలూ దాదాపు మారకపోతే బ్యాటరీ నిండినట్టు. ముందు స్విచ్ ఆపి, ఆ తర్వాతే క్లిప్పులు తీశాను. లేకపోతే అక్కడే నిప్పురవ్వ పుడుతుంది.

ఆసిడ్ వేడి అప్పటికి 39 డిగ్రీలు. మన దేశంలో గ్రావిటీని 27 డిగ్రీల దగ్గర లెక్కిస్తారు. ఆ పైన డిగ్రీకి 0.0007 చొప్పున కలపాలి. పన్నెండు డిగ్రీలకు 0.008 కలిపితే 1.273. పూర్తిగా నిండిన బ్యాటరీకి ఉండాల్సిన 1.260, 1.280 హద్దుల మధ్యన చక్కగా కూర్చుంది.

బుధవారం సాయంత్రం, బిగింపు

పగలంతా విశ్రాంతి ఇచ్చాక 12.69 వోల్టులు. 1.273కి 0.84 కలిపి ఆరుతో హెచ్చవేస్తే 12.68. ఈ రెండు అంకెలు కలిసినప్పుడు చాలా సంతోషం కలిగింది.

పెట్టె లోపల తుప్పు గీకి, కింద రబ్బరు పరిచి బ్యాటరీ కూర్చోబెట్టాను. ప్లస్ ముందు, మైనస్ తర్వాత. బోల్టులు బిగిశాక టెర్మినళ్ల మీద పల్చగా పెట్రోలియం జెల్లీ పూశాను. గాలి గొట్టాన్ని చైను మీదికీ ఫ్రేము మీదికీ కాకుండా కిందికి దించాను. దానిలోంచి వచ్చే సన్నటి ఆసిడ్ తుంపరకు ఇనుము నిలవదు. గొట్టం ఎక్కడా నొక్కుకుపోలేదని వేలితో తడిమి చూశాను.

సెల్ఫ్ నొక్కిన క్షణంలో 10.7, ఆ వెంటనే ఇంజన్ అందుకుంది. 4000 ఆర్‌పీఎం దగ్గర 14.4. తాళం తీస్తే కారేది 0.4 మిల్లీ ఆంపియర్లు.

పాత బ్యాటరీని కొట్టుకే తిరిగి ఇచ్చి, దాని విలువ బిల్లులో తగ్గించుకున్నాను. వీధిలో వచ్చే పాతసామాను బండికి ఇస్తే రెండు రూపాయలు ఎక్కువ రావచ్చు. కానీ వాళ్లలో కొందరు ఆసిడ్‌ను మురికి కాలువలో ఒంపి, సీసాన్ని బహిరంగంగా కరిగిస్తారు. ఆ పొగలోని సీసం పిల్లల ఒంట్లోకి చేరితే తేలిగ్గా పోదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం పాతవి వెనక్కి చేరేలా చూసే బాధ్యత తయారీదారులదే. కొట్టువాళ్లు తీసుకోకపోతే అడిగి మరీ ఇవ్వాలి.

ముందున్న పని: మొదటి నెల నిండగానే ఆరు గదుల మట్టం, గ్రావిటీ చూసి ఇక్కడ రాస్తాను. వేసవి అయ్యేదాకా పదిహేను రోజులకోసారి మట్టం చూడాలి. వారానికి మించి ఊరు వెళ్తే మైనస్ వైరు విప్పి వెళ్లాలి. పార్కింగ్‌లో వేపచెట్టు వైపు ఖాళీ ఉందేమో కూడా అడగాలి.